అరసున్నాతో మొదలుపెట్టి ఉంటే: ఒక ఫ్రెంచి క్లాసు గురించి

పన్నెండు వారాలు. వారానికి మూడు క్లాసులు, ఒక్కొక్కటి గంటన్నర, అంతా కలిపి 54 గంటలు. ఫీజు 14,500 రూపాయలు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకునే ఫ్రెంచి, ఏ1 అని పిలిచే మొదటి మెట్టు. జూన్‌లో చేరి ఆగస్టు ఆఖరుకు ముగించాను. సెప్టెంబరులో పరీక్ష రాసి, అక్టోబరులో ఫ్రాన్సులోని తులూజ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చాను. క్లాసులో కొన్న సరుకు అక్కడి బజారులో ఎంతవరకు చెల్లిందో చూశాక ఇది రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను. పాఠం చెప్పిన పుదుచ్చేరి అమ్మాయి మీద నాకున్న ఫిర్యాదులు తక్కువ, ఆమె చేతికి ఆ పుస్తకాన్ని ఇచ్చినవాళ్ల మీద ఎక్కువ.

జిల్లా పరిషత్తు బడుల్లో 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. వయసు 62. మనవరాలికి ఐదేళ్లు. అక్కడి బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఫోనులో నాతో సగం తెలుగు, సగం ఫ్రెంచి మాట్లాడుతోంది. సగం మనవరాలితో ఎన్నాళ్లు సరిపెట్టుకోవాలని చేరాను. ఇంకో చిన్న కారణం కూడా ఉంది. మేముండేది మూసారాంబాగ్‌లో. నిజాం కొలువులో సేనాధిపతిగా ఉండి 1798లో చనిపోయిన రేమాన్ అనే ఫ్రెంచి ఆయన పేరు మీద వెలసిన పేట ఇది. ‘మెస్యో రేమోఁ’ మన నోట పడి మూసారాం అయింది. ఇన్నేళ్లుగా చిరునామాలో రాసుకుంటున్న పేరును అసలు ఎలా పలకాలో తెలియకపోవడం టీచరుగా నాకు నామోషీ అనిపించింది.

క్లాసులో పదకొండు మందిమి. ఎక్కువమంది కెనడా వెళ్లాలనుకునే పిల్లలు, ఫ్రెంచి వస్తే దరఖాస్తులో పాయింట్లు కలుస్తాయని చేరినవాళ్లు. మొదటి రోజు నన్ను తెరమీద చూసి టీచరు వచ్చీరాని తెలుగులో, “అమ్మా, మీ పాపను పిలవండి” అంది. పాపను నేనే అని చెప్పాను.

ముందు మంచి చెబుతాను. ఉచ్చారణ నేర్పడంలో ఆ అమ్మాయికి మంచి నైపుణ్యం ఉంది. మొదటి వారమంతా మమ్మల్ని కలం ముట్టనివ్వలేదు. “‘ఈ’ అనండి, అంటూనే ఉండండి, నాలుక కదపవద్దు. ఇప్పుడు పెదవులు మాత్రం ఈల వేసేటట్టు ముందుకు తీసుకురండి.” పదకొండు గడుల్లో పదకొండు జతల పెదవులు సున్నాలు చుట్టాయి. ఈకీ ఊకీ మధ్య కొత్త అచ్చు ఒకటి పుట్టింది. మన వర్ణమాలలో దానికి చోటు లేదు కాబట్టి నా నోటుపుస్తకంలో ఊ రాసి నెత్తిన ఒక చుక్క పెట్టుకున్నాను. 1757 నాటి బొబ్బిలి యుద్ధం గురించి చెప్పినప్పుడల్లా నేను ‘బుస్సీ’ అని పలికిన ఫ్రెంచి సేనాని పేరులో ఉన్నది ఈ చుక్క అచ్చేనట. ఎన్ని బ్యాచుల పిల్లలకు తప్పు నేర్పానో లెక్క వేయలేదు.

తరవాత ర. నాలుక కొన ఊరుకోవాలి, గొంతు వెనక భాగం ఒరుసుకోవాలి. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తూ సాధన చేయమంది. మూడు రోజులు పొద్దున్నే సింకు దగ్గర ఆ పని చేశాను, మావారు మిరియాల పాలు కాచి తెచ్చారు. నాలుగో రోజు నాకే తట్టింది: ఉర్దూ బాగా వచ్చినవాళ్లు ‘గజల్’ అనేటప్పుడు మొదటి గకారాన్ని గొంతులో గీరి పలుకుతారు కదా, దాదాపు అదే. హైదరాబాదులో ఉండేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెబితే నీళ్లు వృథా కావు.

అసలు నాకు పట్టు దొరికింది ముక్కు అచ్చుల దగ్గర. పుస్తకంలో వాటి గురించి ఇంగ్లీషులో ఒక పేజీ ఉంది, జలుబు చేసినట్టు పలకండి అని. పిల్లలంతా ‘బాన్‌జూర్’ అంటున్నారు, టీచరు కాదంటోంది, మళ్లీ బాన్‌జూర్ అంటున్నారు. మన నిండుసున్నా ఎప్పుడూ ఏదో ఒక హల్లు అవుతుంది. ‘పంట’లో అది ణ, ‘పంది’లో న, ‘పంపు’లో మ. నాలుకో పెదవో ఎక్కడో తగిలి తీరుతుంది. ఫ్రెంచివాళ్ల దానిలో ఏదీ తగలదు, అచ్చే ముక్కులోకి జారుతుంది. పాత పుస్తకాల్లో ‘వాఁడు’, ‘నేఁడు’, ‘మూఁడు’ అని రాసేవారు కదా. ఆ అరసున్నా ఒకప్పుడు చేసిన పని ఇదే. మనం పలకడం మానేసి, తరవాత రాయడం కూడా మానేశాం. బోన్ కాదు, బోఁ. ఆ సాయంత్రం నుంచి నా నోటుపుస్తకం నిండా అరసున్నాలే. నాలుగు ముక్కు అచ్చులూ ఒకేచోట వచ్చే వాక్యం ఒకటి సాధనకు ఇచ్చింది: ఎఁ బోఁ వేఁ బ్లాఁ. ఒక మంచి తెల్ల వైను అని అర్థం. ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇంట్లో వారం రోజులు దాన్ని జపించాను. క్లాసులో అందరికంటే ముందు నాకే పట్టుబడింది.

ఇక్కడి నుంచి నా పేచీ మొదలు. పాఠమంతా ఇంగ్లీషు మీదుగా నడుస్తుంది. ఇంగ్లీషు చెప్పి, దాన్నుంచి ఫ్రెంచిలోకి. మనవాళ్లను ఆ దారిన నడిపించడమంటే మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు సికింద్రాబాదు మీదుగా తీసుకెళ్లడమే. ఒక ఉదాహరణ చెబుతాను. స్లైడులో ‘టేబుల్‌లోని ట’ అని రాసి ఉంది. అది తప్పు. ఫ్రెంచివాళ్లది మన త. నాలుక పళ్లకు తగులుతుంది, వెంట గాలి రాదు. వాళ్ల మాట ‘తాబ్ల్’. ద, ప, క కూడా అచ్చంగా మనవే. ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే హల్లులు మనకు పుట్టుకతో ఉన్నాయి. కానీ ఇంగ్లీషు లిపి కనిపించగానే మన పిల్లల నాలుక అలవాటుగా వెనక్కి మడతపడి ట, డ పలుకుతుంది. మాలో పది మంది చివరి క్లాసు దాకా టకారంతోనే మాట్లాడారు, ఒక్కరూ దిద్దలేదు. ఆ అమ్మాయి తమిళంలో కూడా ఈ త ఉంది. పుస్తకం చెప్పినట్టు చెప్పింది, అంతే.

అలాగే ‘ఏ’ అనే అచ్చు వాళ్లకు రెండు రకాలు. నెత్తిన కుడివైపుకు వాలిన గీత ఉంటే ఒక ఏ, ఎడమవైపుకు వాలితే ఇంకొకటి. దీనికి రెండు క్లాసులు పట్టాయి. మనం ‘వేడి’ అన్నప్పుడు నోరు తక్కువ తెరుస్తాం, ‘మేక’ అన్నప్పుడు ఎక్కువ. ఒకే అక్షరం రాస్తాం కాబట్టి గమనించం. మొదటిది వేడిలోని ఏ, రెండోది మేకలోని ఏ. రెండు నిమిషాల పని.

వ్యాకరణానికి వస్తే ఇదే కథ ఇంకా పెద్దది. ‘నేను’ అనే జె, ‘కలిగి ఉన్నాను’ అనే ఏ కలిస్తే ‘జే’. మాట ముందు చేర్చే లె, ‘స్నేహితుడు’ అనే అమీ కలిస్తే ‘లామీ’. పుస్తకం దీన్ని ఏదో వింతలా చూపించి, అక్షరం పోయిన చోట పైన చుక్క పెట్టాలని బట్టీ పట్టించింది. వాడు, ఎక్కడ కలిస్తే వాడెక్కడ అయినట్టే కదా. మనకు ఉకారం పోతుంది, వాళ్లకు ఎకారం. ఇక మాట చివర రాసి ఉన్నా పలకని హల్లు, తరవాత అచ్చు రాగానే లేచి కూర్చోవడం మరో సంగతి. ‘వాళ్లు’ అనే మాట ఒంటరిగా ఉంటే ‘ఇల్’. అచ్చు తగిలితే దాచిన స బయటికి వచ్చి జకారంలా పలుకుతుంది. ఇల్‌జోఁ అంటే వాళ్లకు ఉంది. ఇల్‌సోఁ అంటే వాళ్లు ఫలానా. ఒక్క హల్లుతో అర్థం మారిపోతుంది. పిల్లలు బెంబేలెత్తారు. నేను మాత్రం ద్రుతం గుర్తొచ్చి నవ్వుకున్నాను. ‘వచ్చె గోపాలుడు’ అన్నప్పుడు కనబడని నకారం ‘వచ్చెనతడు’ అనగానే ప్రత్యక్షమవుతుంది. ఏళ్ల తరబడి పిల్లలను ఏడిపించిన ద్రుతం ఇలా అక్కరకు వస్తుందనుకోలేదు.

‘నాకు 62 ఏళ్లు’ అన్న దగ్గర ఆరుగురు ‘నేను 62 ఏళ్లు’ అనే అర్థం వచ్చేటట్టు రాశారు, ఇంగ్లీషులో అలాగే ఉంటుంది కాబట్టి. ఫ్రెంచిలో ఏళ్లు ఉంటాయి, ఆకలి ఉంటుంది, దాహం ఉంటుంది. జే ఫేఁ, నాకు ఆకలి ఉంది. పూర్తిగా మన వాక్యం కాకపోయినా, ఇంగ్లీషుకంటే మనకు నాలుగడుగులు దగ్గర. మీరు, నువ్వు తేడా సరేసరి. కెనడా పిల్లలకు దాన్ని వివరించడానికి ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు పట్టింది, వాళ్లంతా ఇంట్లో తాతను మీరు అనేవాళ్లే!

మనకు నిజంగా కష్టమైనవి రెండున్నాయి. వాటి మీద పెట్టాల్సిన సమయం పెట్టలేదు. మొదటిది, కర్తను వదలకుండా చెప్పడం. ‘వచ్చాను’ అంటే ఎవరో మనకు తెలుసు, నేను అననక్కర్లేదు. ఫ్రెంచిలో క్రియ చివర్లు కాగితం మీద రకరకాలుగా ఉన్నా, చెవికి నేను మాట్లాడినా నువ్వు మాట్లాడినా వాళ్లు మాట్లాడినా అంతా ‘పార్ల్’. అందుకే ముందు జె, త్యు, ఇల్ తప్పనిసరి. ఈ కారణం చెబితే ఎవరూ మరచిపోరు. మాకు నియమం చెప్పారు, కారణం చెప్పలేదు.

రెండోది లింగం. మనకు అర్థాన్ని బట్టి లింగం. అన్నయ్య వచ్చాడు, మిగతావన్నీ, అంటే వదిన, కుక్క, బస్సు, వాన, వచ్చింది. ఫ్రెంచిలో బల్ల ఆడది, పుస్తకం మగది. గడ్డమూ మీసమూ రెండూ స్త్రీలింగాలని తెలిసిన రోజు క్లాసులో నవ్వులే నవ్వులు. తర్కం లేదు, బట్టీ పట్టండి అని పుస్తకం చేతులెత్తేసింది. పూర్తి తర్కం లేకపోవచ్చు, దారి గుర్తులు ఉన్నాయి. ‘స్యోఁ’ అని ముగిసే నాస్యోఁ, స్తాస్యోఁ లాంటివి దాదాపు అన్నీ స్త్రీలింగం. ‘మాఁ’ అని ముగిసే పొడుగు మాటలు, ‘ఆజ్’ అని ముగిసేవి ఎక్కువగా పుంలింగం, సముద్రతీరం అనే ‘ప్లాజ్’ లాంటి కొన్ని తప్ప. ఇవి నేను సొంతంగా పోగుచేసుకున్నాను.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. పుస్తకాన్ని ఫైలుగా పంపారు. తెరమీద చదవలేక దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్సు తీయించాను, 380 రూపాయలు. ఆ పుస్తకంలో పుంలింగాలన్నీ నీలి రంగులో, స్త్రీలింగాలన్నీ ఎర్ర రంగులో వేశారట. నా నలుపు తెలుపు ప్రతిలో రెండూ ఒకే బూడిద రంగు. “రంగు చూసి చెప్పండమ్మా” అని టీచరు అడుగుతుంటే ఐదు వారాలు నాకు అర్థం కాలేదు. వయసు వల్ల కళ్లు మందగించాయేమో అనుకుని కళ్లడాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను.

మిగతా గొడవలు చిన్నవి. క్లాసు సాయంత్రం ఏడింటికి, వంట వేళకు. రికార్డింగులు ముప్పై రోజుల తరవాత తీసేస్తారు, ఆ సంగతి డబ్బు కట్టే ముందు చెప్పరు. ఇంటిపని కంప్యూటరే దిద్దుతుంది, గీత ఒకటి తప్పితే వాక్యం మొత్తానికి సున్నా. నేనైతే అరమార్కు తీసేదాన్ని. పరీక్ష ఫీజు వేరే. నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25, మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. నాకు చదవడంలో 23, రాయడంలో 20, మాట్లాడటంలో 17, వినడంలో 11 వచ్చాయి. మొత్తం 71. ఆ 11 ఎందుకో తులూజ్‌లో తెలిసింది.

మా అబ్బాయి ఇంటి వీధి చివర రొట్టెల దుకాణం ఉంది. లోపలికి వెళ్లగానే బోఁజూర్ చెప్పాలి, చెప్పకుండా సరుకు అడిగితే మర్యాద కాదు. అది క్లాసులో బాగా నూరిపోశారు, అందుకు కృతజ్ఞతలు. పుస్తకంలో ఉన్నట్టే ‘పేఁ ఓ షొకొలా’, అంటే చాక్లెట్ పెట్టిన రొట్టె, ఒకటి అడిగాను. కౌంటరు వెనక ఆవిడ చిరునవ్వుతో, “షొకొలాతీనె?” అంది. ఆ ఊళ్లో దాని పేరు అదే, నైరుతి ఫ్రాన్సు అంతటా అంతేనట. పారిస్ మాట అక్కడ వాడితే కొత్తవాళ్లని తెలిసిపోతుంది. నన్ను నిలబెట్టింది పేరు కాదు, ఆ చివరి ‘నె’. క్లాసులో నేను ‘మదామ్’ అనబోయి ‘మదాము’ అన్న ప్రతిసారీ టీచరు వేలు ఊపేది, “అమ్మా, చివర అచ్చు వద్దు” అని. అచ్చు లేకుండా మాట ముగించడం తెలుగు నోటికి బరువు, బస్సు, కారు, రోడ్డు అన్నీ అలా వచ్చినవే. ఈ ఊళ్లో వాళ్లే చివర అచ్చు పలుకుతున్నారు! పైగా వాళ్ల ముక్కు అచ్చుల తోకకు చిన్న ఙకారం. రొట్టె ‘పేఁ’ కాదు, ‘పేంగ్’. రేపు ‘దెమేఁ’ కాదు, ‘దెమేంగ్’. మూడు నెలలు చెమటోడ్చి వదిలించుకున్న నిండుసున్నా అక్కడ దర్జాగా తిరుగుతోంది.

ఇదంతా ఆ ప్రాంతపు పాత భాష ఆక్సితాన్ మిగిల్చిన యాస అని అబ్బాయి చెప్పాడు. అక్కడి మెట్రోలో స్టేషన్ల పేర్లు ఫ్రెంచిలో చెప్పాక ఆ భాషలో కూడా చెబుతారు. ఆ భాషలో ఊరి పేరు చివర కూడా అచ్చు ఉంది, తులూజొ. మా పేట రేమాన్ ఆ పక్కనే ఉన్న గాస్కొనీ ప్రాంతంవాడు. ఆయన కూడా తన పేరును ‘రేమోంగ్’ అనే చెప్పుకున్నాడేమో, మా మూసారాం అంత దూరపు తప్పేమీ కాదేమో. యాసలు ఉన్నాయన్న ఒక్క మాట కోర్సులో ఎక్కడా లేదు. మాకు వినిపించిన గొంతులన్నీ వార్తలు చదివేవాళ్లలా ఒకే తీరు.

మరో దెబ్బ అంకెల దగ్గర. డెబ్బైకి వాళ్లకు పేరు లేదు, అరవై పది అంటారు. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. 97 అంటే నాలుగు ఇరవైల పదిహేడు. ఇది క్లాసులో చెప్పారు, నేను పరీక్షలో సరిగ్గానే రాశాను. కానీ వాళ్లు ఫోను నంబరును రెండేసి అంకెల చొప్పున గబగబా చెబుతారు. పక్క ఫ్లాటు ఆవిడ నంబరు చెబుతుంటే ‘స్వాసాఁత్’ వినగానే 60 రాశాను, ‘దిజ్విత్’ వినబడింది, 18 రాశాను. ఆవిడ చెప్పింది 78. నా కాగితం మీద నంబరుకు రెండు అంకెలు ఎక్కువయ్యాయి. ఆవిడే కలం తీసుకుని దిద్దింది. కాగితం మీద అంకెలు చదివించే బదులు రోజూ ఐదు నిమిషాలు ఫోను నంబర్లు చెప్పి రాయించి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

చుక్క అచ్చు మాత్రం నన్ను కాపాడింది, ఒకసారి ముంచాక. బీరువా దగ్గర నిలబడి మనవరాలు తన బొమ్మ ఎక్కడుందో చెబుతోంది. నాకు ‘దెసూ’ అని వినబడింది, అంటే కింద. ఈ మోకాళ్లతో నేల మీద కూర్చుని, బీరువా కింద చీపురుపుల్లతో వెతికాను. రెండు పెన్సిళ్లు, ఒక సాక్సు దొరికాయి. అది వెనక నిలబడి ఓపికగా, పెదవులు సున్నాలా చుట్టి, “నానమ్మా, దెసూ కాదు, దెస్యూ” అంది. చుక్క ఉన్నది పైన, చుక్క లేనిది కింద. బొమ్మ బీరువా మీద ఉంది. లేచాక దాని ఎదుట పదిసార్లు పలికాను, ఏడోసారికి తల ఊపింది. మా పుదుచ్చేరి అమ్మాయి నేర్పిన ఈల పెదవులు లేకపోతే ఏడువందల సార్లకైనా తల ఊపేది కాదు.

ఎవరు చేరవచ్చంటే, ఉచ్చారణ కోసం అయితే నిస్సందేహంగా చేరండి, మొదటి నాలుగు వారాలకే డబ్బు గిట్టుతుంది. వ్యాకరణానికి పక్కన తెలుగు నోటుపుస్తకం ఒకటి పెట్టుకుని మీరే పోల్చుకోండి. రికార్డింగులు తీసేసేలోపు మళ్లీ వినండి. ‘నాకు తెలియదు’ అనే వాక్యంలో నిషేధానికి వాడే రెండు ముక్కల్లో మొదటి ముక్కను మాటల్లో అందరూ మింగేస్తారు, పుస్తకంలో అలా ఉండదు, కంగారుపడకండి.

నా అరసున్నాల నోటుపుస్తకం ఫొటోలు తీసి టీచరుకు పంపాను. మరుసటి బ్యాచ్‌లో తెలుగువాళ్లకు చూపిస్తానంది, స్లైడులో ట సంగతి పైవాళ్లకు రాసిందట. జనవరిలో ఆమె దగ్గరే రెండో మెట్టుకు చేరుతున్నాను. పుస్తకం నిన్న పంపారు. ఈసారి రంగుల్లో జిరాక్సు తీయించాను, 1,150 రూపాయలైంది.